పారేసిన గడి

ఇవాళ నూట నలభై ఆరో బొట్టు.

నల్లటి పోగు ఒక్కటే,
నా వెంట్రుకలో పదో వంతు.
ఇనుప చట్రానికి అడ్డంగా బిగించి
దాని మీద రెసిన్ బొట్టు నిలిపి
ఓవెన్‌లో గట్టిపరిచి
రెండు బ్లేళ్ల మధ్య పెట్టి లాగుతాను.
ఎంత లాగితే జారుతుందో
ఆ అంకె రాసుకోవడం నా ఉద్యోగం.

కిటికీ బయట కనజావా మంచు.
ఇక్కడ చలికాలం ఉరుములతో వస్తుంది,
బురి చేపల్ని నిద్రలేపే ఉరుమంటారు.
ఉరిమినప్పుడల్లా మైక్రోస్కోపులో పోగు
ఉలిక్కిపడుతుంది.
ఆ రీడింగు కొట్టేసి మళ్లీ మొదలు.

పోగు మీద నాకు కోపం లేదు.
అంత బలం, అంత తేలిక,
ఎవరితోనూ కలవదు, అంతే.
నున్నటి ఒళ్లు.
రెసిన్ వచ్చి వాటేసుకుంటే
అంటీముట్టనట్టు నిలబడుతుంది.
చివరికి పలక చీలేది వాళ్లిద్దరి మధ్య,
పేరు లేని ఆ సందులో.

కొమత్సు దారిలో ఇదివరకు పట్టు నేసేవారు.
అవే షెడ్లలో ఇప్పుడు కార్బన్.
దుమ్ము నల్లబడింది, మగ్గం చప్పుడు అదే.
పట్టు పోయింది,
పట్టు కోసమే ఇంకా వెతుకుతున్నాం.

హమగిషి గారు సీసా తెచ్చారు:
గ్రాఫీన్ ఆక్సైడ్, నీళ్లలో,
పలచటి డికాషన్ రంగు.
పోగుని ముంచి ఆరబెడితే
ఒంటి నిండా రేకులు,
పిల్లి నాలుక గరుకులాగా.
"ఇంకాస్త పోస్తే ఇంకాస్త పట్టు" అన్నారు.
రెట్టింపు పోశాం.
ఉండలు కట్టింది,
చెయ్యి తిరగనివాడు కాచిన గంజిలా.
బొట్లు మునుపటికన్నా తొందరగా జారాయి.
ఉండ ఉన్న చోటే పగులు.

ఆ సాయంత్రం వాజిమాకి ఫోన్ చేశాను.
మా అమ్మమ్మ తోమె అరవై ఏళ్లు
లక్క గిన్నెలకి అడుగు పూత వేసింది.
కొయ్య అంచుకి గుడ్డ అంటించి
కాల్చిన మట్టి మెత్తగా నూరి
చెట్టుపాలలో కలిపి
పూత మీద పూత.
పైన మెరిసే నలుపుకే అందరి మెప్పూ.
కింద మట్టి ఉన్న సంగతి
గిన్నెకీ ఆవిడకీ తెలుసు.

"ఉండ కట్టిందా?" నవ్వింది.
"మట్టి తక్కువై పగిలిన గిన్నెని నేను చూడలేదే!
నూరడానికి బద్ధకించినవాడిదే పగులుతుంది.
వేళ్ల మధ్య నలుపు.
వేలికి తెలియాలి, కంటికి తెలియకూడదు.
సరే, సుమో మొదలైంది, ఉంటా."

నా సీసాలోది వేలికీ తెలియదు.
అయినా సగానికి సగం తగ్గించి
మూడు గంటలు అల్ట్రాసౌండు హోరులో ఉంచి
మళ్లీ ముంచాను.

నూట నలభై ఆరు.
బ్లేళ్లు బొట్టు అంచుని తాకాయి.
గీత లేచింది. పాత అంకె దాటింది.
ఇంకా లేచింది.
ఆకాశం ఉరమలేదు, నేను ఊపిరి తీయలేదు.
టప్.

బొట్టు ఉన్నచోటే ఉంది.
పోగు తెగింది.

నియమం ప్రకారం ఇది చెల్లదు.
అతుకు ఎంత దాకా ఓర్చేదో
పోగు ఉంటే కదా తెలిసేది.
"తెగింది" అని రాసి
పారేసిన గడిలో వేయాలి. వేశాను.
నూట నలభై ఏడు, అదే గడి.
ఎనిమిది జారింది.
తొమ్మిది అదే గడి. యాభై, ఉరుము.
యాభై ఒకటి అదే గడి.

హమగిషి గారు పట్టిక చూసి
"సగటు పెద్దగా పెరగలేదే,
ఇన్ని కొట్టేశావేం?" అన్నారు.
నేనేమీ అనకుండా
ఆ గడి మీద వేలు పెట్టాను.
వేలు తీసేదాకా చూశారు.
తీశాక కూడా చూశారు.
"బొట్లు ఇంకా చిన్నవి చెయ్యి" అన్నారు,
"అప్పుడుగానీ జారవు."

తెగిన పోగు ఒకటి, బొట్టుతో సహా,
కొత్త సంవత్సరం కార్డు మీద
టేపుతో అంటించాను.
అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుని వెతుకుతుంది,
ఏమీ పంపలేదని తిట్టుకుంటుంది.
వెనక వైపు రాశాను:
ఇది కంటితో చూసేది కాదు.
వేలితో కూడా కాదు, క్షమించు.
గట్టిగా ఉంది, అంతే.